ఏడో స్లైడు

మొన్న మంగళవారం పొద్దున్న మా ల్యాబ్ బాబాయ్ పోయారు. ఆయన పెద్దమ్మాయి ఫోను చేసింది. "డాక్టరమ్మా, నాన్న ఎల్లిపోనాడు. టీ తాగి గ్లాసు కింద ఎట్టేడు, అంతే," అంది. నేనప్పుడు మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉన్నాను. ఫోను పెట్టేసి మళ్ళీ చూడబోతే అంతా మసగ్గా కనపడింది. అద్దం తుడిచాను. తుడవాల్సింది అద్దాన్ని కాదని కాసేపటికి గానీ తెలియలేదు.

బాబాయ్ నాకు చుట్టం కాదు. విశాఖపట్నంలో నేను చదివి, ఇప్పటికీ పనిచేస్తున్న వైద్య కళాశాలలో, పాథాలజీ విభాగంలో టెక్నీషియన్. ఆపరేషన్ నుంచో శవపరీక్ష నుంచో వచ్చిన కండముక్కను కరిగించిన మైనంలో ముంచి దిమ్మ కట్టేవారు. ఆ దిమ్మను యంత్రం మీద వెంట్రుకలో పదో వంతు మందాన పొరలుగా కోసి, గాజు స్లైడు మీద ఎక్కించి, రంగు వేసి మా ముందు పెట్టేవారు. మేం చూసి, జబ్బు పేరు రాసి, సంతకం పెట్టేవాళ్ళం. ఆయన చేసినదానికి సంతకం పెట్టే చోటు ఏ కాగితం మీదా ఉండేది కాదు.

కోసిన పొర నేరుగా గాజుకు అంటుకోదు. ముందు దాన్ని గోరువెచ్చటి నీళ్ళ మీద తేలెయ్యాలి. ఆ వెచ్చదనానికి పొర మెల్లగా విచ్చుకుంటుంది. అప్పుడు కింద నుంచి స్లైడు పెట్టి పైకి తీయాలి. ఈ పని చేసేటప్పుడు బాబాయ్ ఊపిరి బిగపట్టేవారు. మే నెల ఉక్కలో కూడా "ఫ్యాన్ కట్టీయండమ్మా" అనేవారు. మేం చెమటలు కక్కుతూ, రిపోర్టు కాగితాలతో విసురుకుందామన్నా ఆయన ఒప్పుకునేవారు కాదు. ఊపిరి తగిలితే పొర కదులుతుంది, కదిలితే ముడత పడుతుంది. ఇన్నేళ్ళలో ఆయన స్లైడు మీద ముడత చూసినవాళ్ళు లేరని సీనియర్లు చెప్పుకునేవారు. ఆ మాట వినపడితే ఆయన మీసం కింద నవ్వుకుంటూ కత్తికి నూనె రాసుకునేవారు.

ఆయనది విజయనగరం వైపు పల్లె. వన్ టౌన్‌లో ఓ సన్న సందులో కాపురం. మధ్యాహ్నం చోడంబలి, అదే రాగిజావ, తాగేవారు, పక్కన పచ్చి ఉల్లిపాయ. ఒకసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్తే పిన్ని, అంటే ఆయన భార్య, ఆయన కోసిన ఉల్లిపాయ చక్రాల పళ్ళెం నా ముందుకు తోసి, "సూడమ్మా, దీని కింద పేపరెట్టి సదువుకోవచ్చు. కూరలో ఏస్తే ఉల్లిపాయెక్కడుందో ఎతుక్కోవాల," అంది. మా నాన్నగారు స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన మనిషి. నా మాటలో ఆ "అండీ"లు వినపడితే చాలు, బాబాయ్‌కి సరదా. "మీ గోదారోళ్ళు మరేదతోనే మనిషిని సంపేత్తారు," అనేవారు.

ఇప్పుడొక ఓడ సంగతి చెప్పాలి. బాబాయ్‌ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిదీ అదే.

తొంభైల చివర్లో, నేను పీజీ రెండో ఏడాదిలో ఉండగా, ఇనుప ఖనిజం ఎక్కించుకోవడానికి పోర్టుకి ఒక ఓడ వచ్చింది. అందులో బ్రెజిల్ నావికుడొకడు డెక్ మీద నడుస్తూ నడుస్తూ కుప్పకూలి చనిపోయాడు. నలభై కూడా లేవు. తాగుడు వల్ల అన్నారు ఓడవాళ్ళు. శవపరీక్ష చేసిన డాక్టరుగారు గుండెను మాకు పంపారు. అది మామూలు గుండెకు రెండింతలుంది. కొనభాగంలో గోడ అరిగిపోయి, వేలు పెట్టి నొక్కితే అవతలికి తెలిసేంత పల్చనైంది.

మా ప్రొఫెసర్‌గారు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇది చాగాస్ జబ్బులా ఉంది. నేను పుస్తకంలో బొమ్మ చూడ్డమే," అన్నారు. మన దేశపు జబ్బు కాదది. దక్షిణ అమెరికా పల్లెల్లో, మట్టి గోడల నెర్రెల్లో ఒక రకం నల్లి ఉంటుంది. నిద్రపోయేవాళ్ళ మొహం మీద కుట్టి, పక్కనే రెట్ట వేస్తుంది. అందులోని కంటికి కనపడని జీవి మనిషిలోకి చేరి గుండె కండలో కాపురం పెడుతుంది. ఇరవై, ముప్పై ఏళ్ళు మనిషికి ఏమీ తెలియదు. లోపల మాత్రం కండ పోగులు ఒక్కొక్కటే చచ్చి మచ్చకడతాయి. గుండెను కొట్టించే విద్యుత్తు నడిచే దారి తెగుతుంది. ఒకనాడు ఉన్నట్టుండి ఆగిపోతుంది.

అదే ఓడలో చనిపోయిన నావికుడి తమ్ముడు కూడా పనిచేస్తున్నాడు. ఇద్దరూ ఒకే మట్టింట్లో పుట్టి పెరిగినవాళ్ళు. ఓడ కంపెనీ ఏజెంటు వెంట వచ్చి మా వరండా బల్ల మీద కూర్చునేవాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. తనకీ అప్పుడప్పుడు కళ్ళు తిరుగుతున్నాయని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ రక్తపరీక్ష అప్పట్లో మా దగ్గర లేదు. మేం చాగాస్ అని రాసిస్తే కెప్టెన్ అతన్ని దించేసి, వైద్యానికి ఇంటికి పంపుతాడు. రాయకపోతే శనివారం ఓడతో పాటు వెళ్ళిపోతాడు, కళ్ళు తిరుగుతున్నా మళ్ళీ ఓడ స్తంభాలెక్కుతాడు. కానీ జీవిని కళ్ళతో చూడకుండా ఈ ఊళ్ళో ఎవరూ చూడని జబ్బు పేరు రాయడానికి ప్రొఫెసర్‌గారికి మనసొప్పలేదు. చూసే పని నాకప్పజెప్పారు.

బాబాయ్ సోమవారం ఏడు స్లైడ్లు ఇచ్చారు. మంగళవారం మధ్యాహ్నానికి చూడటం ముగించి, "పరాన్నజీవులు లేవు" అని చిత్తు రిపోర్టు రాశాను. బాబాయ్ నా భుజం మీదుగా చదివారు.

"ఎన్ని సూసేరమ్మా?"

"ఆరు."

"ఏడిచ్చేను గదా."

"ఒకటి ముడత పడింది బాబాయ్. పక్కన పడేశాను."

ఆయన మొహం మారింది. ఆ ముడత గురించి ఏమీ అనలేదు. "లేవు అని రాయకండమ్మా. కనపళ్ళేదని రాయండి. లేవు అనాలంటే నాను దిమ్మంతా కొయ్యాల, మీరంతా సూడాల," అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఐదున్నరేళ్ళ ఎంబీబీఎస్, ఏడాదిన్నర పీజీ వెలగబెట్టినదాన్ని, నాకు రిపోర్టు రాయడం నేర్పుతారా అనుకున్నాను. అనుకోవడమేమిటి, మొహం మీదే చూపించాను కూడా.

ఆయన పట్టించుకోలేదు. తిరిగి దిమ్మను యంత్రానికి బిగించారు. బుధవారం, గురువారం కోస్తూనే ఉన్నారు. నేను చూస్తూనే ఉన్నాను. ఎక్కడ చూసినా మచ్చలు, వాపు, కండ మీద విరుచుకుపడ్డ మన ఒంటి రక్షణ కణాలు. అసలు జీవి మాత్రం లేదు. ఇంత నాశనం చేసినవాడు ఏడీ అని విసుక్కుంటే బాబాయ్ ఒకసారి వచ్చి కంటిని ఆనించి చూసి, "దొంగ ఒక్కడేనమ్మా. పోలీసోళ్ళొచ్చి ఇల్లంతా పీకీసేరు," అన్నారు. గుండెను పాడుచేసేది ఆ జీవా, దాన్ని వెతుక్కుంటూ వచ్చే మన రక్షణ కణాలా అని ఈ జబ్బు మీద లోకంలోని పెద్ద పెద్ద పరిశోధకులు వాదించుకుంటున్నది సరిగ్గా ఆ మాట గురించేనని నాకు తర్వాత చదువుకుంటే తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నమైంది. బయట బల్ల మీద ఆ తమ్ముడు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను చిత్తు కాగితాన్ని మంచి కాగితం మీదికి ఎత్తి రాయడానికి కలం తీశాను. బాబాయ్ వచ్చి చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి నా ముందు పెట్టారు. విప్పితే నేను పడేసిన స్లైడు. ఆయన దాన్ని చెత్తలోంచి తీసి దాచారు.

"ఇది కూడా సూసీయండమ్మా," అన్నారు. నా వైపు చూడకుండా, కిటికీ వైపు చూస్తూ.

స్లైడు మధ్యలో సన్నటి మడత అడ్డంగా పోతోంది. ఆ మడత అంచున ఒక కండ పోగు ఉబ్బి ఉంది. లోపల గసగసాల మూట కట్టినట్టు చిన్న చిన్న గుండ్రటి గింజలు. ఒక్కో గింజలో ఒక చుక్క, దాని పక్కనే ఒక చిన్న గీత. పుస్తకంలో బొమ్మ ఉన్నది ఉన్నట్టు. ప్రొఫెసర్‌గారిని కేకేశాను. ఆయన పరిగెత్తుకొచ్చారు. సాయంత్రానికి రిపోర్టు పోర్టుకి చేరింది. శనివారం ఓడ వెళ్ళింది, ఆ తమ్ముడు దిగిపోయాడు.

అతని గుండెలోనూ అదే జబ్బు ఉందని వాళ్ళ దేశం వెళ్ళాక తేలింది. పేస్‌మేకర్ పెట్టారు. ఏటా కొత్త సంవత్సరానికి మా విభాగానికి ఒక కార్డు పంపేవాడు, "చూసిన డాక్టరుకి" అని. కార్డు రాగానే బాబాయ్‌కి చూపించేదాన్ని. ఆయన రెండువైపులా తిప్పి, "బాగున్నాడా? పెళ్ళయిందేటి?" అని అడిగి, గోడకి అంటించేవారు.

ఆ స్లైడు నాకు పేరు తెచ్చింది. డాక్టర్ల సభలో చూపించాం, వ్యాసం రాశాం. ముడత పడ్డ స్లైడును కూడా వదలని కళ్ళు అని ప్రొఫెసర్‌గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను తలొంచుకున్నాను. అందరూ వినయం అనుకున్నారు. చాగాస్ గుండెలో ఏం చేస్తుందన్నదే నా పరిశోధన అయింది, ఇన్నేళ్ళుగా దాని మీదే బతుకుతున్నాను. కంటికి దొరకని చోట్ల కూడా ఆ జీవి ఆనవాళ్ళు బయటపెట్టే పరీక్షలు ఇప్పుడొచ్చాయి. బాబాయ్ అన్న "కనపళ్ళేదని రాయండి" ఎంత సరైన మాటో, కొత్త పరీక్ష వచ్చినప్పుడల్లా గుర్తొస్తుంది. నా వ్యాసాల్లో మాత్రం ఎక్కడా ఆయన పేరు లేదు. మొదటిసారి మరిచిపోయాను. తర్వాత రాయాలంటే ఆ స్లైడు కథంతా చెప్పాలి, చెప్తే నేను చూడకుండా పడేశానని తెలిసిపోతుంది. భయపడ్డాను. ఇంతకంటే నా దగ్గర సంజాయిషీ లేదు.

పోయిన నెల ఆయనకు బాగాలేదని తెలిసి వన్ టౌన్ వెళ్ళాను. వరండాలో కుర్చీలో ఉన్నారు, సగానికి సగమయ్యారు. చాలాసేపు తటపటాయించి అడిగేశాను.

"బాబాయ్, ఆ ఓడ స్లైడు సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదు? నా పరువు పోతుందనా?"

ఆయన నన్ను వింతగా చూశారు. "మీ పరువేటమ్మా? నా పరువు! ముప్పయ్యేళ్ళ సర్వీసులో అదొక్కటే ముడత. సెప్పుకుంటే నా సెయ్యి మీద మాట రాదేటి?"

నేను నా తప్పు దాచుకుంటున్నాననుకున్నాను. ఇన్నేళ్ళూ ఆయన కూడా తన తప్పు దాచుకుంటున్నారు.

"ఎలా పడింది ముడత?" అన్నాను.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "సోమవారం నాను నీళ్ళ మీదనుంచి ఆ పొర తీత్తన్నాను. ఆ తమ్ముడు గుమ్మంలోకొచ్చి నించున్నాడు. ఇలాగ గుండె మీద సెయ్యేసుకుని, 'బ్రదర్?' అన్నాడు. ఆ నీళ్ళ మీదున్నది ఆళ్ళ అన్నయ్యేనా అని అడగతన్నాడమ్మా. నాను ఔనని తలూపేను. అప్పుడింక ఊపిరి బిగపట్టలేకపోనాను." తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నారు.

వచ్చేటప్పుడు, "ఇదంతా రాస్తాను బాబాయ్, మీ పేరు పెట్టి," అన్నాను. "పేరొద్దు. రాస్తే రాయండి గానీ, ముడత పడిందని మాత్రం రాయకండి," అన్నారు. లోపల్నుంచి పిన్ని, "అదొక్కటీ రాయమ్మా, నాకూ సెప్పలేదు!" అని కేకేసింది. అందరం నవ్వాం. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

క్షమించండి బాబాయ్. పేరు రాయలేదు గానీ, ముడత సంగతి రాసేశాను.

అంత్యక్రియల నుంచి తిరిగొచ్చి ల్యాబ్‌కి వెళ్ళాను. బీరువాలోంచి ఆ స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. రంగు కొంచెం వెలిసింది. ఆ మడత మాత్రం ఆయన ఊపిరి తగిలిన చోట ఇంకా అలాగే ఉంది. ఫ్యాన్ కట్టేసి ఉందని, చూస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగపట్టే ఉన్నానని చాలాసేపటికి గానీ గమనించలేదు.