హలీమా అవ్వ తీసెయ్యమన్న పేరు

బాన్సువాడ బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో వేడి కాగితం వాసన తగిలితే నాకు సుభద్ర మేడమ్ గుర్తొస్తారు. మొన్న అక్కడే కలిసిన పాత క్లాస్‌మేటు ఆమె మాట రాగానే, మంచి మనిషేగానీ భయస్తురాలు, థీసిస్‌లలో హంతకుల పేర్లు కొట్టేయించేది అన్నాడు. యూనివర్సిటీలో ఇప్పటికీ ఇదే చెప్పుకుంటారు. ఆ భయం మాట శుద్ధ అబద్ధం. అంత గట్టిగా ఎలా చెప్పగలనంటే, ఆ మాట మొదట పుట్టించింది నేనే.

హైదరాబాదులో నేను ఎం.ఏ. చదివింది మానవ హక్కులు. అందులోనూ సామూహిక హత్యాకాండలు. "సచ్చినోళ్ల గురించి సదివితె నౌకరి ఎవలిస్తరే, ఆళ్లే ఇస్తరా?" అనేది మా మేనత్త. మా గైడు సుభద్ర మేడమ్‌ది ఒకటే పట్టు. ఎవరి దగ్గర సాక్ష్యం తీసుకున్నా, రాసింది మళ్ళీ వెళ్ళి వాళ్ళకు చదివి వినిపించాలి. వాళ్ళు ఒప్పుకున్నదే థీసిస్‌లోకి ఎక్కాలి. నాకది చాదస్తంగా ఉండేది.

నా సాక్షి బీర్కూర్ దగ్గరి ఊళ్ళో ఉండే హలీమా అవ్వ. నిజాం పాలన ముగిసిన రోజుల్లో ఊరివాళ్ళే కొందరు ఆమె అన్నను ఇంట్లోంచి పట్టుకుపోయారు. అతను మళ్ళీ రాలేదు. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్ళు. వాళ్ళలో ముందు నడిచినవాడి పేరు కూడా నాకు చెప్పింది. ఇన్నేళ్ళుగా ఎవరూ కాగితం మీద పెట్టని పేరు నాకు దొరికిందని పొంగిపోయాను. ఇంకా చదివి వినిపించలేదని తెలియగానే మేడమ్ నన్ను మర్నాటి బస్సుకే పంపించారు.

అవ్వ చాటలో బియ్యం ఏరుతూ వింది. ఆ రోజు అన్న ఒంటిమీద తెల్లచొక్కా అని నేను రాస్తే, అది వాళ్ళ తండ్రి చొక్కా అనీ, చేతులు పొడుగై మడిచి తొడుక్కున్నాడనీ దిద్దింది. పేరు దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగింది.

"గా పేరు తీసెయ్ బిడ్డా."

"ఎందుకవ్వా, అబద్ధమా?"

"నిజమే. గాయన మనుమని చెరుకుతోటలనే నాకు కూలి. నువ్వు పట్నం పోతవు. రేపు పొద్దుగాల నేను ఎవల మొకం సూడాలె?"

చట్టమన్నాను, చరిత్రన్నాను. గంటసేపు వాదించాను. ఆమె బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

అవ్వ మాట మేడమ్‌కు చెప్పానుగానీ, నేను పేరు తీయలేదు. మేడమ్ తీసేశారు. ఊరి ఆనవాలు తెలిసే రెండు పేజీలు కూడా తీసేశారు. పేరు లేకపోతే ఇది కథే అవుతుందని నేను దెబ్బలాడితే, "అవనీ. మన చదువు కోసం ఆమె కూలి పోవద్దు" అన్నారు. నేను నేరుగా క్యాంటీనుకు పోయి, మేడమ్ ఉత్త పిరికిదని నలుగురిలో చెప్పాను.

వైవాలో పరీక్షకుడూ అదే అడిగాడు: పేరెందుకు లేదు? సాక్షి వద్దందంటే, ఆ సాక్షి ఎవరని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే మేడమ్ అందుకుని, అది తన నిర్ణయమన్నారు. ఇంత భయముంటే ఈ సబ్జెక్టు ఎందుకు చెప్తున్నారని ఆయన వెక్కిరించాడు. ఆమె తల వంచుకుని ఆ మాట పడ్డారు. నోటికి హద్దులేని నేను ఆ రోజు ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇప్పుడు నేనూ పాఠాలు చెప్తున్నాను. చదివి వినిపించి రమ్మని నా పిల్లలను వెనక్కి పంపిస్తే, నాకూ చాదస్తమంటారు. అననీ.

మేడమ్ లేరు, అవ్వా పోయింది. పోయిన నెల అవ్వ మనవరాలు వెతుక్కుంటూ వచ్చింది. ఆఫీసులో ఉద్యోగం, ఎవరి తోటతోనూ పనిలేదు. "మా అవ్వ అన్నను పట్టుకపోయింది ఎవలు టీచర్? నీకొక్కదానికే చెప్పిందంట" అని అడిగింది. వారం ఆగి రమ్మన్నాను. వారం ఎప్పుడో దాటింది. ఆ పేరు నా నోట్‌బుక్కులో ఉంది. కూలి భయం అవ్వతోనే పోయింది కదా, మరి పేరు తీసెయ్యమన్న ఆమె మాట కూడా ఆమెతోనే పోయినట్టా?