గేటు దగ్గరి తెలుగు

ఆ దర్శకుడి పేరు చెప్పను. చెబితే ఆయన అభిమానులు నా మీదికొస్తారు. వాళ్ళలో నేనూ ఒకదాన్నే, అదీ చిక్కు. రెండువేల మూడులోనో నాలుగులోనో, ఢిల్లీ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో ఆయన హాస్య చిత్రాల సీడీలు ఊరగాయ సీసాల్లాగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతుండేవి.

నేను కరీంనగర్ వైపు పల్లె నుంచి పెళ్ళయి ఫరీదాబాద్ వచ్చాను. మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగి. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రావడం. నాకు హిందీ సరిగ్గా రాదు, మా వీధివాళ్ళకి తెలుగు రాదు. పాలవాడి దగ్గర "అచ్ఛా", కూరల బండి దగ్గర "ఠీక్ హై". ఆ రెండు ముక్కలతోనే రోజు గడిచిపోయేది. సాయంత్రానికి నోరు తుప్పు పట్టినట్టుండేది.

మా ఆయనదీ మా జిల్లానే. కానీ ఇంటర్మీడియట్‌కి గుంటూరు హాస్టల్లో చేరినప్పుడు తోటి పిల్లలు వెక్కిరిస్తే, మా మాటను చెప్పుల్లాగా గుమ్మం బయట విడిచేశాడట. నాతో కూడా పుస్తకాల తెలుగే. "భోంచేశావా?" అని అడిగితే పై అధికారి ఎవరో ఇంటికొచ్చి ఆరా తీసినట్టుండేది. ఇప్పుడు నేనిది రాస్తున్నదీ ఆ తెలుగులోనే అనుకోండి, ఏం చేస్తాం!

ఢిల్లీకి అవతలి వైపు వైశాలిలో ఒక పెద్దాఫీసరు అంకుల్, ఆంటీ ఉండేవారు, కోస్తా వాళ్ళు. నెలకొక ఆదివారం వాళ్ళింట్లో తెలుగువాళ్ళంతా చేరేవారు. ఆ రోజు కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసేదాన్ని. బస్సులు మారి మారి వెళ్ళేవాళ్ళం. భోజనాలయ్యాక సినిమా. ఎక్కువసార్లు ఆ దర్శకుడిదే.

ఆయన సినిమాలో ఇల్లంటే నిజంగా ఇల్లే. జాతకాల పిచ్చి తాతగారు, పిలవని పెళ్ళికి పెట్టె సర్దుకునే బాబాయి, ఎవరింట్లో పులుసు తాగినా వంక పెట్టే మేనత్త. తనవాళ్ళను ఎంత ఎగతాళి చేసినా, చివరికి వాళ్ళ పంక్తిలోనే విస్తరి వేసుకుని కూర్చునే మనిషి ఆయన. అందరం "మద్రాసీ"లమే అయిపోయిన ఆ ఊళ్ళో మేమెవరమో మాకు గుర్తు చేసింది ఆ సినిమాలే. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ప్రతి సినిమాలోనూ గేటు దగ్గర ఒక వాచ్‌మన్ ఉండేవాడు. మా మాట మాట్లాడేది వాడొక్కడే. నడుం వంచి, సలాం కొట్టి, అయ్యగారికి అడ్డదిడ్డంగా సమాధానం చెప్పి తిట్లు తినేవాడు. తన ఇంట్లోవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని నవ్విన మనిషి, మమ్మల్ని మాత్రం గేటు దగ్గరే నిలబెట్టి నవ్వాడు.

ఆ వాచ్‌మన్‌లా చేయడంలో మా ఆయన దిట్ట. సినిమా ఆపి మరీ చేయించేవారు. చేస్తే అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. మొదట్లో కోపమూ రాలేదు. ఢిల్లీ మొత్తం మీద మా మాట నా చెవిన పడేది ఆ కాసేపే కదా! ఒక్క ముక్క పోకుండా వినేదాన్ని.

ఒక ఆదివారం అంకుల్ మంచి కోపం మీద ఉన్నారు. ఏదో హిందీ సినిమాలో మనవైపు వంటవాడికి నుదుటి నిండా విభూతి పూసి, మాటకో "అయ్యయ్యో" అనిపించి నవ్వించారట. దేశమంతా ఒకటే అంటారు, మనల్ని మాత్రం జోకర్లను చేస్తారని మండిపడ్డారు. నా ప్రాణం లేచొచ్చింది. ఈయనకి ఈ నొప్పి తెలుసు అనుకున్నాను. ఆ వారమే నేను మార్కెట్ నుంచి వస్తూ దారి తప్పాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. అంకుల్ మాటలిచ్చిన ధైర్యంతో అందరి మధ్యా మొదలుపెట్టాను.

"బస్సు దిగి తొవ్వ తప్పిన ఆంటీ. యాడ జూసినా గవే ఇండ్లు. ఎవలనడగాల్నో తెల్వక ఎండల ఏడ్సుకుంట తిరిగిన."

ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత గదంతా నవ్వింది. ఆంటీ నా బుగ్గ పుణికి, "ఎంత ముద్దుగా మాట్లాడుతోందో, అచ్చం మన వాచ్‌మనే" అన్నారు. ప్రేమగానే అన్నారు, అదే నా ఖర్మ. అంకుల్ కూడా కోపం మరిచిపోయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. హిందీవాళ్ళ నవ్వు అత్త దెబ్బే, ఎలాగో ఓర్చుకున్నాను. దీన్ని ఓర్చుకోలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

మా ఆయన తెలివితక్కువవాడేం కాదు. ఇంటికొచ్చాక, ఇక జన్మలో ఆ వేషం వేయనని ఒట్టు పెట్టుకున్నాడు. అది కూడా పోతే నాకిక వినడానికి ఏం మిగులుతుంది?

"ఆడ మానున్రి. ఇంట్ల మాట్లాడున్రి, నాతోని" అన్నాను.

సరేనన్నాడు. నిజంగానే ప్రయత్నించాడు పాపం. కుర్చీలోంచి లేచి, నా వైపు తిరిగి, "ఏం జేస్తున్నవ్?" అన్నాడు. అనగానే నడుం దానంతట అదే వంగింది. చెయ్యి నుదుటికి పోయింది. గొంతు కూడా ఆ వాచ్‌మన్‌దే. ఇద్దరం నవ్వేశాం. మళ్ళీ నిటారుగా నిలబడి, "అన్నం దిన్నవా?" అన్నాడు. మళ్ళీ అదే వంపు, అదే సలాం. ఈసారి ఆయన నవ్వలేదు. చెయ్యి కిందికి దించి, అదెవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"నోరు దెరిస్తె వాడే వస్తున్నడే. నేను వస్తలేను" అన్నాడు.

సలాం లేకుండా ఆయన నాతో మా మాటలో మాట్లాడింది అదొక్కటే. కాసేపటికి గొంతు సవరించుకుని, "వడ్డించు, ఆకలేస్తోంది" అన్నాడు. నేను లేచి వడ్డించాను.