గేదె పాలూ, చర్చిలో ఉరుములూ

కొత్త అల్లుడు అత్తవారి ఊళ్లో పరువు పోగొట్టుకోవడానికి బోలెడు మార్గాలున్నాయి. నేను మాత్రం సొంత పొట్టతో, అదీ చర్చి నిండా జనం ఉండగా పోగొట్టుకున్నాను. చెబుతాను, నవ్వుకోండి. మరీ పొర్లి పొర్లి మాత్రం వద్దు.

పెళ్లయ్యాక మొదటిసారి మా ఆవిడ సునీత వాళ్ల ఊరు వెళ్లాం. ప్రత్తిపాడు దగ్గర. ఆదివారం పొద్దున్నే అత్తగారు బిందెకు తమ్ముడిలాంటి గ్లాసుతో గేదె పాలు తెచ్చారు. పాలు నాకు పడవు. కానీ ఎదురుగా మామగారు మీసం దువ్వుకుంటూ కూర్చున్నారే!

"పాలు అలవాటేనా బాబూ?"

"అలవాటా? లీటరైనా తాగేస్తా మావయ్యగారూ!"

"అదీ అల్లుడంటే! ఏమేవ్, ఇంకో గ్లాసు పట్రా!"

సునీత నా చెవిలో, "మీరు టీలో కూడా పాలు వద్దంటారుగా!" అంది. వినబడనట్టు రెండో గ్లాసూ ఎత్తాను.

చర్చిలో పాస్టరుగారు, "మౌనంగా ప్రార్థించుకుందాం" అన్నారు. అందరూ మౌనం పాటించారు, నా పొట్ట తప్ప. మొదట కప్ప అరిచినట్టు, తర్వాత ట్రాక్టరు స్టార్టయినట్టు, చివరికి ఆకాశం బద్దలైనట్టు. వెనక ఒక పెద్దావిడ ఉలిక్కిపడి లేచింది.

"ఓరి దేవుడో, ఉరుముతోంది! కళ్లంలో మిరపకాయలు ఆరబోశాం!"

నలుగురు టార్పాలిన్లు కప్పడానికి పరిగెత్తారు. వాళ్ల వెనకే నేనూ పరిగెత్తాను. నా దిక్కు వేరు.

మర్నాడు మామగారు నన్ను బండెక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరుగారు అంతా విని నవ్వేశారు.

"ఇది జబ్బు కాదండీ. పాలు తాగి పెరిగే ఏ జీవికైనా పెద్దయ్యాక పాలు అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. తరతరాలుగా పశువుల్ని పెంచిన మనుషుల్లో కొందరికి ఆ శక్తి తగ్గకుండా నిలిచింది. మీకు నిలవలేదు, అంతే. అరగని పాలు పెద్దపేగులోకి దిగితే అక్కడి సూక్ష్మజీవులకు విందు. అవి తిని వదిలే గ్యాసే మీ ఉరుములు."

"అయితే జీవితాంతం ఇంతేనా అండీ?"

"పెరుగు తినండి. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను కొంత ముందే తినేస్తాయి. మీలాంటి చాలామందికి పెరుగు హాయిగా అరుగుతుంది. ఒంట్లోవీ, గిన్నెలోవీ, సూక్ష్మజీవులన్నీ శత్రువులు కావండీ!"

ప్రాణం లేచొచ్చింది. నేను లేవబోతుంటే మామగారు కదల్లేదు. ఒకసారి తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు.

"డాక్టరుగారూ... నాదీ ఇదే గోలండి. పెళ్లయిన కాణ్ణుంచీ తాగుతూనే ఉన్నా. గేదెల్ని మేపుకుంటూ పాలు పడవంటే మా ఆవిడ ఏమనుకుంటుందోనని..."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. డాక్టరుగారి బల్ల అదిరేలా నవ్వాం.

అప్పుడే కుడిచెయ్యి పొట్టమీద వేసి ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట నా నోరు నా గురించి ఎన్ని గొప్పలైనా కోసుకోవచ్చు గానీ, పొట్టను అడక్కుండా దాని తరఫున ఒక్క మాట కూడా ఇవ్వదు. మామగారూ తన పొట్టమీద చెయ్యి వేసుకుని, "ఆమేన్" అన్నారు.