ప్రిస్కిల్లా పల్లవి లెక్క

ప్రిస్కిల్లా మా వీధి చిన్నపిల్లల బడిలో ఆయా. పది పాసైతే జూన్‌లో టీచరును చేస్తామని బడివాళ్ళు మాటిచ్చారు. తప్పితే బయటివాళ్ళను తెచ్చుకుంటారట. ఓపెన్ స్కూల్లో మిగతావన్నీ గట్టెక్కాయి, లెక్కలే గుండెల మీద కుంపటి. అందుకే సాయంత్రాలు మా ఆయన జయానందం దగ్గరికి వచ్చేది. ఆయన లెక్కల మాస్టారు. రిటైరైంది ఆయనే గానీ ఆయన గొంతు కాదు.

"భిన్నంగ రాయొస్తే అకరణీయం, రాయరాకుంటే కరణీయం. గింత తెల్వదా?" అని ఆయన అరిస్తే ఆమె రాసిందంతా కొట్టేసేది. నాకు ఒళ్ళు మండేది.

ఆమె పెద్ద చర్చి క్వయర్‌లో పాడుతుంది. ఒకనాడు ఒకటిని ఏడుతో భాగిస్తుంటే 142857 తర్వాత మళ్ళీ అవే అంకెలు మొదలయ్యాయి. "పల్లవి మళ్ళ వచ్చింది సార్!" అని అరిచింది. మా ఆయన నవ్వాడు, ఆశ్చర్యమే. ఇక అదే ఆమె పద్ధతి. దశాంశం ఆగిపోతే ఆమెన్, అవే అంకెలు తిరిగొస్తే పల్లవి. రెండూ అకరణీయాలే. ఆగకుండా, తిరిగిరాకుండా సాగేది కరణీయం.

పరీక్షకు నేనే తోడు వెళ్ళాను. బయటికి వచ్చేసరికి ఆమె ముఖంలో నెత్తురు లేదు.

"అమ్మా, ఒక దశాంశం ఇచ్చిండ్రు. ఒకటి పక్కన ఒక సున్నా, మళ్ళ ఒకటి పక్కన రెండు సున్నాలు, తర్వాత మూడు, గట్ల పోతనే ఉన్నది. పల్లవే అనుకొని అకరణీయం అని రాసిన. మనసుల పాడుకుంటే కుదరలే. పల్లవి గట్ల పెరుగదు గద? కొట్టేసి కరణీయం అని పెట్టిన. ఒప్పును కొట్టేసిన్నో ఏమో!"

నాకేం తెలుసు! ఆటోలో ఆమె నా చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చాక మా ఆయన అంతా విని, ఆ అంకెలు తీరిగ్గా కాగితం మీద రాసుకున్నాడు. ఆ తీరికకు ఆయన్ను కొట్టాలనిపించింది.

"ఒక్క సున్నా పెరిగినా అది పల్లవి గాదు. రైటే రాసినవ్ పో."

ఆమె గడప మీదే కూలబడి ఏడ్చింది.

రిజల్ట్ వచ్చేదాకా అన్నం సయించలేదు పిచ్చిదానికి. పాసైంది.

జూన్‌లో మొదటిరోజు అలవాటు కొద్దీ చీపురందుకుందట. కొత్త ఆయా పరుగున వచ్చి, "అయ్యో, ఇటియ్యుండ్రి టీచరమ్మా" అని లాక్కుంది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదని చెప్పింది.