రెండో మగ్గం మీద కీమా మిషను

మొన్న ఆదివారం హన్మకొండలో మేమెప్పుడూ మాంసం తెచ్చుకునే దుకాణంలో కీమా పట్టే మిషను మొరాయించింది. పావుగంట ఆగమన్నారు. వరుసలో నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది నా ఈడువాళ్లే కావడం వల్ల పావుగంట ఖాళీ దొరికేసరికి ఏం చేస్తారో అదే చేశారు, పాత రోజుల్ని పొగడటం మొదలుపెట్టారు. కీమా అంటే ఇంట్లో చేసుకున్నదే కీమా అని ఒకాయన, చింతమొద్దు మీద రెండు కత్తులతో కొడితే వచ్చే రుచి ఈ కరెంటు మిషనుకు ఎక్కడిదని ఇంకొకాయన, ఆ చప్పుడు వింటేనే సగం కడుపు నిండేదని మూడో ఆయన. నేనూ అందరితో పాటు తలాడించాను. రిటైరైన లెక్చరర్‌ని కాబట్టి ఏదో ఒకటి చెబుతానని నావైపు చూశారు కూడా. నేను మాత్రం కీమా వద్దు, ముక్కలే కొట్టివ్వమని చెప్పి, సంచి పట్టుకుని ఇంటికి వచ్చేశాను. మా ఆవిడ అడిగితే మిషను చెడిపోయిందని చెప్పాను. అది నిజమే. నా జీవితంలో ఇలాంటి నిజాలు చాలానే చెప్పాను.

మాది వరంగల్‌లో నేతపని చేసేవాళ్ల వీధి. మా ఇంటి ముందుగదిలో రెండు మగ్గాలు ఉండేవి, నేలమీద పరుచుకునే జంపఖానాలు నేసేవి. ఒకదాని మీద బాపు, అంటే మా నాయిన, రెండోదాని మీద అన్న. అన్నకు మిల్లులో పని దొరికాక రెండోది ఖాళీ పడింది. ఇంట్లో ఆడవాళ్లు రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కావలసిన నూలు కండెలు చుట్టేవాళ్లు, మగవాళ్లు మగ్గం మీద కూర్చునేవాళ్లు. ఇది ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా. నేను మగ్గం మీదా కూర్చోలేదు, కండెలూ చుట్టలేదు. నేను చదువుకుంటున్నాను. మా ఇంట్లో ఆ మాటకు చాలా పనుల నుంచి మాఫీ ఉండేది.

ఆదివారం పూట బాపు మోదుగాకులో చుట్టించిన మాంసం తెచ్చేవాడు. నెలకో రెండు నెలలకో చుట్టాలు వస్తే కీమా. అమ్మ మొద్దు ముందేసుకుని, రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకుని కొడుతుంటే, ముందుగదిలో బాపు మగ్గం చప్పుడు, వంటింట్లో అమ్మ కత్తుల చప్పుడు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు ఉండేవి. మీలో చాలామందికి ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. మా వీధిలో ఎవరింట్లో కీమా అయినా నాలుగిళ్లకు తెలిసేది. రహస్యంగా తినే అవకాశం ఆ వంటకానికి లేదు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది: మాంసం ముట్టుకున్న చేత్తో మగ్గం ముట్టుకోరాదు. తానం చేసి, బట్టలు మార్చుకున్నాకే మగ్గం గదిలోకి రావాలి. బాపు దేవుడి పటాలను పెద్దగా పట్టించుకునే మనిషి కాదు గానీ ఈ ఒక్క విషయంలో మాత్రం మారు మాట ఉండేది కాదు.

అన్నకు పెళ్లయి వదిన వచ్చింది. వాళ్లది పాలకుర్తి దిక్కు, వాళ్లూ నేతవాళ్లే. వాళ్ల నాయినకు కొడుకులు లేకపోవడం వల్ల పెద్దకూతురిని మగ్గం మీద కూర్చోబెట్టి పని నేర్పాడట. అంటే మా ఇంటికి వచ్చింది నేత వచ్చిన కోడలన్నమాట. వచ్చిన కొత్తలో ఆమె కండెలు చుడుతూ చుడుతూ ఆగి, ఖాళీగా ఉన్న రెండో మగ్గం వైపు చూసేది. ఆకలిగా ఉన్న మనిషి వడ్డించిన విస్తరి వైపు చూసినట్టు ఉండేది ఆ చూపు. ఏడాదిపాటు నోరు తెరిచి అడగలేదు. తర్వాత అమ్మతో అడిగించింది. బాపు ఒక వారం ఆలోచించి, ఒక్క జంపఖానా నేసి చూపించమన్నాడు. అది బాగొస్తే రెండో మగ్గం ఆమెదే. మా వీధిలో కోడలికి మగ్గం ఇచ్చిన మామ లేడు కాబట్టి, బాపు కూడా తన తీరున కొంచెం తెగించాడనే చెప్పాలి.

ఆమె తెల్లటి అంచుతో మొదలుపెట్టింది. తెల్లనూలులో తప్పు దాగదని బాపే ఆ నూలు ఇచ్చాడు.

సరిగ్గా అప్పుడే నేను ఇంటికి కీమా మిషను తెచ్చాను. నేను వేరే ఊళ్లో ఉండి చదువుకునే హాస్టల్ మెస్సులో పాత సామాను అమ్మేస్తుంటే కొన్నాను. పోత ఇనుముది, పైన గరాటు, పక్కన తిప్పే పిడి, కింద బల్ల అంచుకు బిగించే మర. అప్పటికి నేను బి.ఏ. రెండో సంవత్సరం. ఆడవాళ్ల శ్రమను యంత్రాలు ఎలా తగ్గిస్తాయో వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ శ్రమ ఎలా ఉంటుందో చూడాలని మాత్రం ఎప్పుడూ మొద్దు ముందు కూర్చోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నానికి మేనత్తవాళ్లు వస్తారని బాపు మాంసం తెచ్చిపెట్టి వాళ్లను తీసుకురావడానికి స్టేషనుకు వెళ్లాడు. అన్న మిల్లులో ఉన్నాడు. అమ్మా వదినా నల్లా దగ్గర నీళ్ల వరుసలో ఉన్నారు. వాళ్లు బిందెలతో తిరిగొచ్చేసరికి కీమా చేసి ఉంచి ఆశ్చర్యపరచాలన్నది నా పథకం. అయితే మిషను బిగించడానికి బల్ల కావాలి. మా ఇంట్లో బల్ల లేదు. మేము నేలమీద తినేవాళ్లం, నేలమీద రాసుకునేవాళ్లం. ఇల్లంతా వెతికితే కదలకుండా బిగించి ఉన్న చెక్క అంటూ రెండే రెండు చోట్ల కనిపించింది. ఒకటి బాపు మగ్గం మీద కూర్చునే పలక. రెండోది రెండో మగ్గం మీద కూర్చునే పలక. బాపు పలక ముట్టుకునేంత ధైర్యం నాకు లేదు. మిగతాది మీరు ఊహించగలరు.

మాంసం నుంచి నరాలూ పొరలూ తీసి వేయాలని ఆ వ్యాసంలో రాయలేదు. నాలుగు ముక్కలు బాగానే వచ్చాయి. ఐదో ముక్కకు నరం లోపలి మరకు చుట్టుకుని పిడి తిరగనని మొండికేసింది. నేను పలక మీద మోకాలు పెట్టి బలమంతా పెట్టి తిప్పాను. ముందునుంచి రావలసిన మాంసం వెనకనుంచి, పిడి సందులోంచి, నెత్తురూ కొవ్వూ కలిసి చిమ్మింది. చిమ్మితే ఎక్కడ పడుతుంది, జానెడు దూరంలో వదిన నేసిన తెల్లటి అంచు మీద పడింది. అరచేతంత మరక.

నేను చేసిన మొదటి పని పొయ్యి మీదున్న వేడినీళ్లతో దాన్ని తుడవడం. నెత్తురు మరక మీద వేడినీళ్లు పోస్తే అది ఉడికి దారంలోకి దిగి కూర్చుంటుందని ఇంట్లో పదేళ్ల పిల్లకు కూడా తెలుసు. డిగ్రీ చదివేవాడికి తెలియలేదు. రెండో పని ఇంకా తెలివైనది. నేసిన బట్ట మగ్గం ముందున్న కర్రకు చుట్టుకుంటూ పోతుంది కదా, వెనక పడుగు దారాలు కొంచెం వదులు చేసి ఆ కర్రను ఒక చుట్టు తిప్పాను. మరక లోపలికి పోయింది. నేతవాళ్ల ఇంట్లో పుట్టి నాకు వచ్చిన మగ్గం పని అదొక్కటే, అది దానికి పనికొచ్చింది. మిషను ఊడదీసి, పలక కడిగి తుడిచి, మిషను వంటింట్లో పీట పక్కన పెట్టాను.

అమ్మావాళ్లు వచ్చాక పీటకు బిగించి ప్రయత్నించానని, కుదరలేదని చెప్పాను. అమ్మ తల పట్టుకుంది. వదిన మాత్రం నవ్వుతూ మిషను విప్పి, మరకు చుట్టుకున్న నరాన్ని దారంపోగు తీసినంత ఓపికగా తీసింది.

“మర్దీ, నరాలు దీసి ఏస్తే తింటుండె నీ మిషిను. అది గూడ సదువుకున్నట్టున్నది, మెత్తటిదే గావాల్నంటది” అన్నది.

అని, మిగిలిన మాంసం మొద్దు మీద వేసి రెండు కత్తులతో నిమిషాల్లో కొట్టేసింది. మేనత్తవాళ్లు కీమాను మెచ్చుకున్నారు. సాయంత్రం వదిన తానం చేసి, తడిజుట్టుతోనే రెండో మగ్గం మీద కూర్చుని దీపాల వేళదాకా నేసింది. నేను వాకిట్లో కూర్చుని పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. పేజీ తిప్పిన గుర్తు లేదు.

అప్పుడే చెప్పవచ్చు. మర్నాడు చెప్పవచ్చు. మరక చిన్నదే, అంతవరకు విప్పి మళ్లీ నేయవచ్చు. పైన మూడు మూరల బట్ట పడ్డాక విప్పడం కుదరదు. ఆమె రోజూ నేస్తున్నకొద్దీ నా మాట విలువ తగ్గిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. రేపు చెబుదామనుకుంటూ హాస్టల్‌కు వెళ్లి, బట్ట కోసే రోజుకు తిరిగి వచ్చాను.

జంపఖానా కోసిన రోజు మా ఇంట్లో చిన్న పండుగలా ఉంది. బట్టలు తీసుకునే సావుకారు వచ్చి కూర్చున్నాడు. ఇద్దరు ముగ్గురు పక్కింటి మగ్గాలవాళ్లు కూడా కోడలి నేత చూద్దామని వచ్చారు. బాపు చాప మీద జంపఖానా విప్పుకుంటూ వచ్చాడు. వదిన గడప దగ్గర నిలబడి చూస్తోంది. చివరి మడత విచ్చుకుంది, అరచేతంత గోధుమరంగు మరక, దాని చుట్టూ చీమలు. దానినుంచి వచ్చే వాసన దేనిదో ఎవరూ ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు. కీమా కొట్టింది ఎవరో, ఆ సాయంత్రం మగ్గం ఎక్కింది ఎవరో ఇంట్లో అందరికీ గుర్తుంది.

“నేను తానం చేసే కూసున్న మామా” అన్నది వదిన.

అమ్మ వదినను కాపాడాలనుకుంది పాపం. “కొత్త పిల్ల, ఎరుకలేక అంటుకున్నది, పోనియ్యి” అన్నది. ఆ మాటతో నేరం ఖాయమైంది. సావుకారు లేచి వెళ్లిపోయాక బాపు జంపఖానా మడతపెట్టి, గొంతు పెంచకుండానే అన్నాడు:

“బిడ్డా, మగ్గం నీతోని గాదు. కండెలు సుట్టు, సాలు.”

నేను అక్కడే ఉన్నాను. తలుపుకు ఆనుకుని ఉన్నాను. గొంతు పోలేదు, నోరు ఎండిపోలేదు, కథల్లో రాసినట్టు ఏమీ కాలేదు. ఊరికే చెప్పలేదు. చదువుకున్న కొడుకని నలుగురి ముందు నాకున్న మర్యాద, ఆమెకున్న మగ్గం, రెండిట్లో ఏది పోవాలో నిర్ణయించడానికి నాకు పెద్దగా సమయం కూడా పట్టలేదు.

వదిన మర్నాటినుంచి రాట్నం ముందు కూర్చుంది. రెండో మగ్గానికి బాపు ఒక కూలిమనిషిని పెట్టాడు. అతనికీ ఆమే కండెలు చుట్టిచ్చేది. మరక పడ్డ జంపఖానా అమ్ముడుపోదు కాబట్టి హాస్టల్లో పరుచుకోవడానికి నాకిచ్చారు. మరకవైపు గోడకు చేసి, దాని మీద మూడేళ్లు పడుకున్నాను. బాగా నిద్ర పట్టేది. ఉద్యోగం వచ్చి మంచం కొనుక్కున్నాక ఆ జంపఖానా ఎవరికిచ్చానో కూడా గుర్తులేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పౌరశాస్త్రం చెప్పాను.

రెండేళ్ల కింద వదిన కంటి ఆపరేషన్‌కని దవాఖానకు వచ్చి, వారం రోజులు మా ఇంట్లో ఉంది. రెండో రోజు, ఆమె కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని వసారాలో కూర్చుని ఉండగా, పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె నా ముఖం సరిగా చూడలేని సమయం చూసుకుని చెప్పడంలోనే నా ధైర్యం ఎంతటిదో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆమె అడ్డు రాకుండా విన్నది.

“నువ్వు జెప్తే మామ నిన్ను కొడ్తుండెనా?” అని అడిగింది.

లేదన్నాను. బాపు నన్ను ఎన్నడూ కొట్టలేదు.

“మరి?” అన్నది.

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. అలా అయితే నాకు కొంత సులువుగా ఉండేది. ఆమె మాత్రం ఏదో లెక్క తేలనట్టు వేళ్లతో కొంగు కొలుచుకుంటూ మెల్లగా అడిగింది:

“గా జంపఖానా నువ్వే పరుసుకున్నవ్ గద. ఈ కొస, ఆ కొస ఒక్క వెడల్పే ఉండెనా? నడుమల జర గుంజుకపోయిందేమోనని నాకు అనుమానముండె. ఆనాడు అందరం మరకనే సూస్తిమి, నేను అంచులు సూడనే లేదు.”

కొత్తగా నేసేవాళ్లకు చేతిబిగువు కుదరక బట్ట మధ్యలో సన్నబడుతుందట. తనకు నిజంగా నేత వచ్చునా రాదా అన్నది ఆ అంచులు చూస్తే తెలిసిపోతుంది. ఆ సంగతి తెలుసుకోవాలని ఆమె ఇన్నేళ్లు ఆగింది.

“ఒక్క తీరుగనే ఉండె వదినా, యేలెడు తేడా గూడ లేకుండె” అన్నాను.

“గదే అనుకున్న” అని ఆమె తృప్తిగా వెనక్కి ఆనుకుంది.

ఇప్పుడు మా వీధిలో మగ్గం ఉన్న ఇల్లు లేదు. మా ముందుగదిని అన్నకొడుకు సెల్‌ఫోన్ల దుకాణానికి కిరాయికి ఇచ్చాడు. మొద్దు లేదు, కత్తుల జోడు లేదు. ఏ ఇంట్లో ఏం వండుతున్నారో, ఏ ఇంట్లో ఎవరి చెయ్యి ఎందుకు ఆగిపోయిందో పక్కింటికి తెలిసే చప్పుళ్లేవీ మిగల్లేదు. ఆ రోజులు బాగుండేవని మనవాళ్లు అంటుంటే నేనూ కాదనను, బాగుండేవి, ముఖ్యంగా నాకు. వదిన తన చేతులతో మా ఇంట్లో నేసింది ఒకే ఒక్క జంపఖానా. దాని అంచులు చూసే అవకాశం ఈ లోకంలో నాకొక్కడికే, మూడేళ్లపాటు ఉండింది. నేను చూడలేదు, దాని మీద పడుకున్నాను.