మూత కింది ఊట

బొగ్గు గని అనుమతి కోసం మా ఊళ్ళో ప్రజల అభిప్రాయం అడిగే సభ పెట్టారు. కొండ కింది ఊట వేసవిలో ఎండిపోతుందనీ, అక్కడ తవ్వినా నీళ్ళకు నష్టం లేదనీ నివేదిక చదివారు.

ఊరందరికీ అవ్వ వరసైన సుగియా ఆజీ లేచి మైకు అందుకుంది. సర్హుల్ పండుగకు మా ఊరి పూజారి పాహన్ కుండలు నింపే నీళ్ళు నలభై ఏళ్ళుగా ఆ ఊట నుంచి తెస్తున్నది ఆవిడే. పశువులు తొక్కకుండా ఎండాకాలమంతా దానిని సాల చెట్టు కొమ్మలతో, బండలతో మూసి ఉంచుతాం; నీళ్ళు ముంచుకునేటప్పుడే తీస్తాం. సర్వే చేసినతను ఆ మూతనే చూసి, ఊట ఎండిందని రాసుకుని వెళ్ళిపోయాడు. సభ నడిపే అధికారి పక్కన కూర్చున్న అతని వైపు ఆజీ తిరిగింది.

"ఏం బాబూ, ఎండకి సొమ్మసిల్లి మా అరుగు మీద కూలబడితే చెంబెడు నీళ్ళిచ్చానే, గుర్తుందా?"

"గుర్తుంది ఆజీ. చల్లగా ఉన్నాయి."

"అవి ఆ ఊటవే. తాగేటప్పుడు ఉన్న నీళ్ళు రాసేటప్పుడు ఎటు పోయాయి?"

జనం గొల్లుమన్నారు.

"సరేనమ్మా, కూర్చోండి, చూస్తాం," అన్నాడు అధికారి.

"ఈ బాబు తాగే చూశాడు కద సాహెబ్! ఇక చూసేదేముంది? రాయండి. రాసేదాకా మైకివ్వను."

వేసవిలోనూ ఊటలో నీళ్ళుంటాయని అధికారి రాశాడు. ఆజీ దానిని నాచేత రెండుసార్లు చదివించుకుని, తలదించుకున్న సర్వే అతని భుజం తట్టింది.

"అన్నం తిని రా, మూత తీస్తాను. మళ్ళీ కొలుచుకో. చెప్పులు మాత్రం ఊటకి బయటే విడువు, అవి పూజ నీళ్ళు."