తట్టలో పరిచిన కాగితాలు

"నా కాగితాలు యాడ పెట్టినావు వదినా?"

"పురుగుల తట్టల్లో పరిచినాను. పాతవనుకున్న్యా."

"పాతవా! రేపు కాలేజీలో ఇయ్యాల్సిన కథమ్మా అది. జరుగు, తీసుకుంటా."

"తట్ట ముట్టినావంటే చూడు! పురుగులు జ్వరంలో ఉండాయి. కథ పోతే ఇంగోటి రాసుకుంటావు, పంట పోతే ఎవురిస్తారు?"

పొర విడిచే ముందు పట్టుపురుగులు మేత మాని కదలకుండా పడుంటాయి. దాన్నే మేము జ్వరం అంటాం. అప్పుడు కదిలించకూడదు, ఆ మాట నిజమే.

ఆమె నా ఆడబిడ్డ. చింతామణి పక్కనున్న మా ఊళ్ళో కాలేజీ మెట్టెక్కిన మొదటి ఆడపిల్ల. బెంగళూరులో చరిత్ర చదువుతూ, దానికి తోడు కథలు రాయడం కూడా ఒక చిన్న పాఠంగా తీసుకుంది. సెలవులకొస్తే, పురుగులకు మల్బరీ ఆకు తరుగుతున్న నా పక్కన కూర్చుని, నేనేది చెప్పినా "అప్పుడు నువ్వేమనుకున్న్యావు వదినా?" అని అడిగేది. ఆ ఇంట్లో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

నేను మూడో తరగతి దాకా చదివాను. కూడబలుక్కుని చదవగలను. మొదటి కాగితంలో "మా వదిన" అని ఉంది. ఇంట్లో అందరూ ఆడిపోసుకునే నా పిసినారితనాన్ని ఊరికి చాటుతోందనుకుని, మిగతాది చదవకుండానే బోర్లించి పరిచాను. పాతవనుకున్నానన్నది పచ్చి అబద్ధం. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మరునాడు పొద్దున పురుగులు లేచాయి. కింద కాగితాలు నాని మరకలైపోయాయి. ఆమె ఆకు సన్నగా తరిగి, పురుగులకు తానే మేత వేసింది. సంచీ భుజానికి తగిలించుకుని గడప దగ్గర ఆగింది.

"ఆ కాగితాలు పరిచేటప్పుడు నువ్వేమనుకున్న్యావు వదినా?"

"బస్సొచ్చే పొద్దయింది, పో" అన్నాను.